అవినీతిని తగ్గించే రాజకీయ సంస్కరణలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వంలో అవినీతి గురించి ఎక్కడ మాట మొదలైనా కాసేపటికి అవే అనుమానాలు వస్తాయి. కఠిన శిక్షలు వేస్తే పోదా, జీతాలు పెంచితే పోదా, అంతా ఆన్‌లైన్ చేస్తే పోదా అని. వాటికి జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు. నా వైఖరి ముందే చెబుతున్నాను: ఏ సంస్కరణ చర్చకు వచ్చినా నేను మొదట చూసేది ఒకటే. అది ఎవరి మీద నిఘా పెట్టాలో, దాని పగ్గాలు వాళ్ళ చేతిలోనే ఉన్నాయా, లేవా?

## చర్చకు దిగే ముందు

అవినీతి ఎప్పుడూ ఉండేదే కదా, తగ్గించడం అసలు సాధ్యమా?

సాధ్యమే, చాలాచోట్ల తగ్గింది కూడా. పంతొమ్మిదో శతాబ్దం సగం గడిచేదాకా బ్రిటన్‌లో ఓట్లు కొనడం అందరికీ తెలిసిన వ్యవహారం. 1872లో రహస్య ఓటింగ్ వచ్చింది. 1883 చట్టం అభ్యర్థి ఖర్చుకు పరిమితి పెట్టింది. ఆ తర్వాత ఓట్ల బేరం క్రమంగా కనుమరుగైంది. హాంకాంగ్‌లో 1970ల మొదట్లో పోలీసు శాఖలోనే వసూళ్ళ ముఠాలు నడిచేవి. ఒక తరం తిరిగేసరికి ఆ నగరం అవినీతి తక్కువగా ఉన్న చోట్లలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. రెండుచోట్లా మనుషులు వాళ్ళే. మారినవి నియమాలు, పట్టుబడతామన్న భయం.

నిజాయితీపరులను ఎన్నుకుంటే చాలదా? ఇన్ని చట్టాలు ఎందుకు?

నిజాయితీ కావాలి, కానీ అది ఒక్కటే చాలదు. అమెరికన్ పరిశోధకుడు రాబర్ట్ క్లిట్‌గార్డ్ దీన్ని ఒక సూత్రంగా చెప్పాడు: గుత్తాధికారానికి విచక్షణాధికారం కలిపి, అందులోంచి జవాబుదారీతనం తీసేస్తే మిగిలేదే అవినీతి. అనుమతి ఇచ్చేది ఒక్కరే అయి, ఎవరికి ఇవ్వాలో వాళ్ళ ఇష్టమై, ఎందుకిచ్చావని అడిగేవాళ్ళు లేకపోతే, ఆ కుర్చీలోకి వచ్చిన మంచివాళ్ళ మీద కూడా ఒత్తిడి మొదలవుతుంది. ఎన్నికకు కోట్లు ఖర్చయ్యే వ్యవస్థలో గెలిచినవాళ్ళ వెనక ఆ డబ్బు పెట్టినవాళ్ళు ఉంటారు. మంచి మనిషి మంచిగానే ఉండగలిగే పరిస్థితి కల్పించడం సంస్కరణ పని.

చిన్న లంచాలకూ పెద్ద కుంభకోణాలకూ ఒకే మందు పనిచేస్తుందా?

పనిచేయదు. చర్చల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే పుడుతుంది. సర్టిఫికెట్ ఇవ్వడానికి గుమాస్తా అడిగే డబ్బు వేరు, గనుల లీజు ఎవరికి దక్కాలో పై స్థాయిలో మాట్లాడుకోవడం వేరు. మొదటిదానికి పనికొక గడువు, ఆఫీసు గడప తొక్కనక్కర్లేని దరఖాస్తు, ఫిర్యాదు చేసే దారి ఉంటే చాలావరకు అదుపులోకి వస్తుంది.

రెండోదాంట్లో ఫిర్యాదుదారే ఉండడు. ఇచ్చినవాడికీ లాభమే, పుచ్చుకున్నవాడికీ లాభమే. నష్టపోయిన జనానికి తాము నష్టపోయిన సంగతే తెలియదు. అక్కడ కావాల్సినవి పార్టీల నిధుల లెక్కలు, టెండర్ల కాగితాలు, కంపెనీ వెనక ఉన్న అసలు యజమాని పేరు. మూడో రకం కూడా ఉంది: డబ్బున్నవాళ్ళు చట్టాన్నే తమకు అనుకూలంగా రాయించుకోవడం. అది చట్టబద్ధం కాబట్టి ఏ పోలీసూ పట్టుకోలేడు. నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఈ మూడోదే. ఎవరితోనైనా వాదించే ముందు ఏ రకం గురించి మాట్లాడుతున్నారో అడిగి తెలుసుకోండి.

ప్రతి ఏడాదీ వచ్చే అవినీతి ర్యాంకులను నమ్మొచ్చా?

కొంతవరకే. ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అనే అంతర్జాతీయ అవినీతి వ్యతిరేక సంస్థ 1995 నుంచి ఇస్తున్న సూచీకి ఆధారం నిపుణులు, వ్యాపారవర్గాల అభిప్రాయాలు. జరిగిన లంచాలను లెక్కపెట్టి ఇచ్చిన మార్కులు కావు. పెద్ద కేసు ఒకటి బయటపడితే దేశం గురించిన అభిప్రాయం పాడవుతుంది, నిజానికి అది వ్యవస్థ పనిచేయడం మొదలైందనడానికి గుర్తు కావచ్చు. పదేళ్ళ ధోరణి చూడటానికి సూచీ పనికొస్తుంది. ఈ ఏడాది రెండు స్థానాలు పైకో కిందకో వెళ్ళామని దాని మీద వాదన కట్టకండి.

## ఎన్నికలు, పార్టీల డబ్బు

ప్రభుత్వమే పార్టీలకు డబ్బిస్తే అవినీతి ఆగిపోతుంది కదా?

దానంతట అది ఆగదు. ఇటలీ 1974లోనే పార్టీలకు ప్రభుత్వ నిధులు ఇవ్వడం మొదలుపెట్టింది. అయినా 1992లో మిలాన్‌లో మొదలైన దర్యాప్తు తవ్వేకొద్దీ, దాదాపు అన్ని పెద్ద పార్టీలూ కాంట్రాక్టుల మీద కమీషన్లు తీసుకున్నట్టు తేలింది. పార్టీలు రెండు చేతులా పుచ్చుకున్నాయి. జనానికి ఎంత కోపం వచ్చిందంటే, 1993లో జరిగిన రెఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) ఆ ప్రభుత్వ నిధులను రద్దు చేయమని 90 శాతం ఓటేశారు.

జపాన్‌ది ఇంకో అనుభవం. రిక్రూట్ అనే కంపెనీ నాయకులకు షేర్లు పంచిన కుంభకోణం 1988లో బయటపడింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చర్చించి, 1994లో ఎన్నికల విధానాన్నీ నిధుల విధానాన్నీ కలిపి మార్చారు. పాత పద్ధతిలో ఒకే నియోజకవర్గంలో ఒకే పార్టీ అభ్యర్థులు తమలో తాము పోటీపడేవాళ్ళు. పార్టీ పేరు అందరికీ ఒకటే కాబట్టి ప్రతి ఒక్కరూ సొంతంగా డబ్బు పోగేయాల్సి వచ్చేది. ఆ ఒత్తిడి తగ్గింది. కానీ 2023లో అధికార పార్టీ వర్గాలు లెక్కల్లో చూపని నిధులు దాచుకున్న సంగతి మళ్ళీ బయటపడింది.

కాబట్టి నేను ప్రభుత్వ నిధులకు వ్యతిరేకిని కాను. వాటితోపాటు ఖర్చుకు పరిమితి, బయటి ఆడిట్, తప్పుడు లెక్కకు నిధుల కోత ఉండాలి. ఆ మూడూ లేకుండా ఇస్తే ప్రజల డబ్బు దండగ.

విరాళం ఇచ్చినవాళ్ళ పేరు బయటపెడితే వాళ్ళను వేధిస్తారు కదా? రహస్యంగా ఉంచితే తప్పేంటి?

ఆ భయం నిజమైనదే. ప్రతిపక్షానికి చందా ఇచ్చిన వ్యాపారి మీద దాడులు జరిగే ప్రమాదం చాలా దేశాల్లో ఉంది. అయితే రహస్యం ఎవరి నుంచి అన్నది చూడాలి. భారతదేశంలో 2018లో వచ్చిన, బ్యాంకులో కొని పార్టీకి ఇచ్చే ఎలక్టోరల్ బాండ్లలో ఓటరుకు దాత పేరు తెలిసేది కాదు. కానీ వాటిని అమ్మింది ప్రభుత్వ రంగ బ్యాంకే కాబట్టి అధికారంలో ఉన్నవాళ్ళకు తెలిసే వీలుందన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. పార్టీకి డబ్బు ఎవరిస్తున్నారో తెలుసుకోవడం ఓటరు సమాచార హక్కులో భాగమని చెప్పింది.

చిన్న మొత్తాలు ఇచ్చే సామాన్యుల పేర్లు బయటపెట్టనక్కర్లేదు. ఒక విధానాన్ని మార్చగలిగేంత పెద్ద మొత్తం ఇచ్చేవాళ్ళకు మాత్రం ఆ రక్షణ ఇవ్వకూడదు.

కంపెనీల విరాళాలను పూర్తిగా నిషేధిస్తే?

బ్రెజిల్ ఆ పని చేసింది. 2015లో అక్కడి సుప్రీంకోర్టు కంపెనీలు ఎన్నికలకు డబ్బివ్వడం రాజ్యాంగ విరుద్ధమంది. 2017లో ఎన్నికల కోసం ప్రభుత్వ నిధి పెట్టారు. నిషేధం వల్ల నేరుగా వచ్చే దారి మూసుకుంటుంది. ఆ కంపెనీ యజమానులు వ్యక్తులుగా ఇవ్వడం మొదలుపెడతారు, అందుకని వ్యక్తిగత విరాళాలకు కూడా గట్టి పరిమితి ఉంటేనే ఫలితం.

కేసులున్నవాళ్ళను పోటీ చేయనివ్వకూడదు అంటే ఎందుకు ఒప్పుకోరు?

కేసు పెట్టడం ఎవరి చేతిలో ఉందో ఆలోచిస్తే ఆ జంకు అర్థమవుతుంది. ఎన్నికల ముందు ప్రత్యర్థి మీద ఒక కేసు పెడితే సరిపోతుందంటే, అధికారంలో ఉన్నవాళ్ళకు అంతకన్నా సులువైన ఆయుధం ఉండదు.

బ్రెజిల్ మధ్యేమార్గం వెతికింది. 10 లక్షలకు పైగా పౌరుల సంతకాలతో 2010లో వచ్చిన ‘ఫిషా లింపా’ (మచ్చలేని రికార్డు) చట్టం ప్రకారం, ఒకరికన్నా ఎక్కువమంది జడ్జీలున్న కోర్టు దోషి అని తేల్చితే ఎనిమిదేళ్ళు పోటీకి అనర్హత. వినడానికి చాలా న్యాయంగా ఉంది. కానీ 2018లో మాజీ అధ్యక్షుడు లూలా ఈ చట్టం కిందే పోటీకి దూరమయ్యారు. మొదట శిక్ష వేసిన జడ్జి సెర్జియో మోరో, ఆ ఎన్నికలో గెలిచిన అధ్యక్షుడి ప్రభుత్వంలోనే న్యాయమంత్రి అయ్యాడు. 2021లో సుప్రీంకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది, మోరో నిష్పక్షపాతంగా వ్యవహరించలేదని కూడా తేల్చింది. అప్పటికి ఎన్నిక అయిపోయి రెండేళ్ళు దాటింది.

భారతదేశంలో 2013 నుంచి, రెండేళ్ళు అంతకుమించి శిక్ష పడిన చట్టసభ సభ్యుల పదవి వెంటనే పోతుంది. అంతకుముందు అప్పీలు వేస్తే పదవి నిలిచేది. ఆ వెసులుబాటును సుప్రీంకోర్టు రద్దు చేసింది. నా ఉద్దేశంలో అనర్హతకు తీర్పే ఆధారం కావాలి, చార్జిషీటు కాకూడదు. దానికి బదులుగా అభ్యర్థుల కేసులు గడువులోపు తేలాలి. ఇరవై ఏళ్ళు సాగే విచారణ నిర్దోషికీ అన్యాయమే, ఓటరుకూ అన్యాయమే.

ఒక్కసారికి మించి పదవి ఇవ్వకపోతే సంపాదించుకునే అవకాశం తగ్గుతుంది కదా?

తగ్గకపోగా పెరగొచ్చు. బ్రెజిల్ మేయర్ల మీద ఫెర్రాజ్, ఫినాన్ అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనంలో, మళ్ళీ పోటీ చేసే వీలున్న మొదటి దఫా మేయర్లు దారి మళ్ళించిన సొమ్ము, ఇక పోటీకి వీల్లేని మేయర్లతో పోలిస్తే 27 శాతం తక్కువగా తేలింది. మళ్ళీ ఓటు అడగాలన్న భయం కూడా ఒక కాపలాయే. పదవీకాల పరిమితి మంచిదే, అది ఒకే మనిషి దగ్గర అధికారం పేరుకుపోకుండా ఆపుతుంది. అవినీతికి మందు మాత్రం కాదు.

## ప్రభుత్వ యంత్రాంగం లోపల

ఉద్యోగుల జీతాలు పెంచితే లంచాలు మానేస్తారా?

జీతం ఒక్కటే పెంచితే మానరు. ఘానా 2010లో పోలీసుల జీతాలు రెట్టింపు చేసింది. లారీల మీద చేసిన పరిశోధనలో, రహదారుల మీద పోలీసులు వసూలు చేసే డబ్బు తగ్గలేదు సరికదా పెరిగిందని తేలింది. జార్జియాలో 2003 విప్లవం తర్వాత వచ్చిన ప్రభుత్వం ట్రాఫిక్ పోలీసు విభాగాన్ని మొత్తం రద్దు చేసి, కొత్తవాళ్ళను మంచి జీతాలతో తీసుకుంది, లంచం తీసుకుంటే ఉద్యోగం పోతుందన్న భయం నిలబెట్టింది. రోడ్డు మీద లంచాలు దాదాపు ఆగిపోయాయి. బతకడానికి చాలని జీతం ఇచ్చి నిజాయితీ ఆశించడం అన్యాయం. కానీ పెంచిన జీతం పోగొట్టుకునే ప్రమాదం కూడా ఉండాలి.

నియామకాలకూ అవినీతికీ సంబంధం ఏముంది?

చాలా ఉంది. ఉద్యోగం ఇప్పించిన నాయకుడికి ఆ ఉద్యోగి జీవితాంతం రుణపడి ఉంటాడు. అమెరికాలో ఒకప్పుడు గెలిచిన పార్టీ తన మనుషులకు ప్రభుత్వ ఉద్యోగాలు పంచేది. 1881లో పదవి దక్కలేదన్న కక్షతో ఒక వ్యక్తి అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చాడు. ఆ తర్వాత 1883లో వచ్చిన పెండిల్‌టన్ చట్టం పరీక్షల ద్వారా నియామకం మొదలుపెట్టింది. మొదట్లో అది పదో వంతు ఉద్యోగాలకే వర్తించింది, మిగతావి దశాబ్దాల మీద కలిశాయి.

అన్నీ ఆన్‌లైన్ చేస్తే లంచం అడిగే మనిషే ఉండడు కదా?

కౌంటర్ దగ్గర లంచానికి ఇది బాగా పనిచేస్తుంది. టెండర్లలో సగం పని మాత్రమే చేస్తుంది. ఉక్రెయిన్ 2016లో ‘ప్రొజోరో’ అనే వ్యవస్థను ప్రభుత్వ కొనుగోళ్ళకు తప్పనిసరి చేసింది. ఎవరు ఎంతకు బిడ్ వేశారు, ఎవరికి దక్కింది, ఒప్పందంలో ఏముంది, అన్నీ ఎవరైనా చూడొచ్చు. అదే మంచి నమూనా.

అయినా మోసానికి దారులు మిగులుతాయి. ఒకే కంపెనీకి సరిపోయేలా అర్హతలు రాయొచ్చు. బిడ్డర్లు ముందే కూడబలుక్కోవచ్చు. తక్కువకు పని పట్టి, తర్వాత సవరణల పేరుతో బిల్లు పెంచుకోవచ్చు. ఈ చివరి దారి గురించి చర్చల్లో ఎవరూ మాట్లాడరు, టెండర్ అయిపోగానే అందరి దృష్టీ పక్కకు పోతుంది. ఒప్పందం కుదిరిన తర్వాత చేసిన ప్రతి మార్పూ వెబ్‌సైట్‌లో పెట్టాలని అడగండి.

నాయకులు ఆస్తులు ప్రకటిస్తే ఏం ఉపయోగం? అబద్ధాలే రాస్తారుగా?

అబద్ధం రాయడమే నేరమైతే ఉపయోగం ఉంది. ఫిలిప్పీన్స్‌లో 2012లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రెనాటో కొరోనా పదవి పోయింది, ఆస్తులన్నీ ప్రకటించలేదని రుజువు కావడం వల్లే. లంచం తీసుకున్నట్టు నిరూపించడం కష్టం. కాగితం మీద లేని బ్యాంకు ఖాతా ఉందని చూపడం తేలిక. ఇది పనిచేయాలంటే ప్రకటనను భూమి రికార్డులతో, పన్ను లెక్కలతో సరిచూసే అధికారం ఒకరికి ఉండాలి. బినామీలను కూడా దాటాలి. దక్షిణ కొరియా 1993లో మారుపేర్ల బ్యాంకు ఖాతాలను నిషేధించి, అసలు పేరుతోనే లావాదేవీ జరగాలంది. దాంతో దాచుకోవడం కష్టమైంది.

పై నుంచి ఆడిట్ మేలా, ప్రజల పర్యవేక్షణ మేలా?

రెండూ కలవాలి. ఇండోనేషియాలో 600కు పైగా గ్రామాల రోడ్ల పనుల మీద ఆర్థికవేత్త బెంజమిన్ ఓల్కెన్ ప్రయోగం చేశాడు. మామూలుగా ఆడిట్ జరిగే అవకాశం 4 శాతం. కొన్ని గ్రామాలకు తప్పకుండా ఆడిట్ వస్తుందని ముందే చెప్పారు. అక్కడ లెక్క తేలని ఖర్చు 8 శాతం పాయింట్లు తగ్గింది. గ్రామ సమావేశాలకు జనాన్ని పిలవడం వల్ల మాత్రం సగటున పెద్ద తేడా రాలేదు. బ్రెజిల్‌లో 2003 నుంచి లాటరీ తీసి మున్సిపాలిటీలను ఆడిట్ చేశారు. ఎన్నికల ముందు రిపోర్టులు బయటపడిన చోట అక్రమాలు చేసిన మేయర్లు ఎక్కువగా ఓడిపోయారు, స్థానిక రేడియో ఉన్నచోట ఇంకా ఎక్కువగా. ఆడిటర్ కనిపెట్టాలి, దాన్ని జనం వినాలి.

## దర్యాప్తు, శిక్ష

కొత్తగా అవినీతి నిరోధక సంస్థ పెడితే తేడా ఉంటుందా? ఉన్నవే సరిగా పనిచేయడం లేదుగా?

దాన్ని ఎవరు నియమిస్తారు, ఎవరు తొలగిస్తారు, డబ్బు ఎవరిస్తారు, కేసు మొదలుపెట్టడానికి ఎవరి అనుమతి కావాలి? ఈ నాలుగింటికీ జవాబు ‘ప్రభుత్వ పెద్ద’ అయితే తేడా ఉండదు.

హాంకాంగ్‌లో 1973లో పీటర్ గాడ్బర్ అనే పెద్ద పోలీసు అధికారి, తన ఆస్తుల మీద దర్యాప్తు నడుస్తుండగానే దేశం దాటిపోయాడు. అప్పటిదాకా పోలీసుల అవినీతిని పోలీసు విభాగమే విచారించేది. జనం రోడ్డెక్కారు. 1974లో పోలీసు శాఖతో సంబంధం లేకుండా, నేరుగా గవర్నర్‌కే జవాబుదారీగా కొత్త కమిషన్ ఏర్పడింది. అది దర్యాప్తుతో ఆగలేదు. ఆఫీసుల పని పద్ధతుల్లో లొసుగులు వెతకడానికి ఒక విభాగం, జనం మధ్యకు వెళ్ళడానికి ఇంకొకటి పెట్టుకుంది. గాడ్బర్‌ను 1975లో వెనక్కి రప్పించి జైలుకు పంపారు. పెద్దవాళ్ళు కూడా పట్టుబడతారని జనం నమ్మడం అక్కడ మొదలైంది.

సింగపూర్‌లో దర్యాప్తు సంస్థ ప్రధాని కార్యాలయం కిందే ఉంటుంది. అయితే ప్రధాని అనుమతి నిరాకరించినా, దేశాధ్యక్షుడు ఒప్పుకుంటే దర్యాప్తు ముందుకు వెళ్ళే దారి అక్కడి రాజ్యాంగంలో ఉంది. అలాంటి రెండో తలుపు ప్రతి చట్టంలోనూ ఉండాలి.

ఉరిశిక్ష వేస్తే భయపడరా?

చైనాలో భారీ అవినీతికి మరణశిక్ష ఉంది, అమలూ చేస్తున్నారు. అయినా ఏటా కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి. నేరం చేసేవాడు లెక్కవేసుకునేది శిక్ష ఎంత అని కాదు, దొరుకుతానా లేదా అని. ఇటలీలో 1990ల కేసులు ఎన్నో, విచారణ సాగి సాగి చట్టం పెట్టిన గడువు దాటిపోవడంతో రద్దయ్యాయి. కఠినమైన శిక్ష కాగితం మీద ఉండటం కన్నా, మూడేళ్ళలో తేలే కేసు, తిన్న సొమ్ము కక్కించే అధికారం ఎక్కువ పని చేస్తాయి.

లంచం ఇచ్చినవాళ్ళకు కూడా శిక్ష వేయాలా?

తన హక్కు కోసం గత్యంతరం లేక ఇచ్చినవాళ్ళను, అక్రమ లాభం కోసం ఇచ్చినవాళ్ళను ఒకే గాట కట్టకూడదు. ఆర్థికవేత్త కౌశిక్ బసు 2011లో, వేధింపు లంచం ఇచ్చినవాళ్ళకు శిక్ష తీసేస్తే వాళ్ళు ధైర్యంగా ఫిర్యాదు చేస్తారని ప్రతిపాదించాడు. భారతదేశం 2018 సవరణలో ఇవ్వడాన్ని నేరం చేసింది, బలవంతం మీద ఇచ్చినవాళ్ళు ఏడు రోజుల్లో చెబితే మినహాయింపు ఇచ్చింది. పని ఇంకా అదే ఆఫీసులో ఉన్న మనిషికి ఏడు రోజులు చాలా తక్కువ.

లోపలి గుట్టు బయటపెట్టిన ఉద్యోగిని ఎవరు కాపాడతారు?

చాలాచోట్ల ఎవరూ కాపాడరు, అదే బాధ. బదిలీ, సస్పెన్షన్, ఒంటరితనం, కొన్నిసార్లు ప్రాణాలకే ముప్పు. అమెరికాలో 1863 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ అమల్లో ఉంది. ప్రభుత్వాన్ని మోసం చేసినవాళ్ళ మీద పౌరుడే దావా వేసి, వసూలైన సొమ్ములో సాధారణంగా 15 నుంచి 30 శాతం వాటా పొందొచ్చు. డబ్బు ఆశ చూపడం నచ్చనివాళ్ళు ఉన్నారు. ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి కుటుంబం ఎలా బతకాలో చెప్పకుండా ధైర్యం చేయమనడం నాకు నచ్చదు.

పాత తప్పులను క్షమించి కొత్తగా మొదలుపెట్టడం న్యాయమేనా?

న్యాయం కాదు, కానీ ఒక్కోసారి అవసరమవుతుంది. 1977లో హాంకాంగ్ పోలీసులు, తమ అవినీతిని విచారిస్తున్న అవినీతి నిరోధక కమిషన్ ఆఫీసు మీదే దాడి చేశారు. చివరికి గవర్నర్ ఆ ఏడాది జనవరి 1కి ముందు జరిగిన నేరాలకు, తీవ్రమైనవి మినహా, పాక్షిక క్షమాభిక్ష ప్రకటించాడు. శాఖ మొత్తం తిరగబడితే కమిషనే కూలిపోయేది. ఇలాంటిది ఒక్కసారే, స్పష్టమైన తేదీతోనే ఉండాలి. పదేపదే ఇస్తే అది అలవాటుగా మారుతుంది.

## చట్టం వచ్చాక

చట్టం చేసి ఏళ్ళు గడిచినా ఏమీ జరగదేం?

నియామకం చేయకుండా ఉంటే చాలు, చట్టాన్ని రద్దు చేయాల్సిన పని లేదు. భారతదేశంలో పై స్థాయి అవినీతి ఫిర్యాదులను విచారించే లోక్‌పాల్ బిల్లు మొదట 1968లో వచ్చింది. 2011 ఉద్యమం తర్వాత 2013లో చట్టమైంది. మొదటి ఛైర్మన్ నియామకం 2019 మార్చిలో జరిగింది. అందుకే ఏ బిల్లులోనైనా ఇన్ని రోజుల్లో నియమించాలి, నియమించకపోతే ఆ అధికారం ఫలానా వాళ్ళకు పోతుంది అని రాసి ఉందో లేదో చూడండి.

బాగా పనిచేసే సంస్థను ప్రభుత్వం నీరుగారిస్తే ఏం చేయాలి?

అలాంటి ప్రయత్నం వస్తుందని ముందే అనుకుని సిద్ధంగా ఉండాలి. ఇండోనేషియా అవినీతి నిర్మూలన సంస్థ కేపీకే మంత్రులను, పార్లమెంటు స్పీకర్‌ను కూడా జైలుకు పంపింది. 2019లో చట్టం మార్చి దాన్ని కార్యనిర్వాహక శాఖ కిందకు తెచ్చారు. విద్యార్థులు పెద్ద ఎత్తున నిరసన తెలిపినా ఆగలేదు. 2021లో ఒక పరీక్ష పేరుతో 50 మందికి పైగా ఉద్యోగులను తీసేశారు. ఉక్రెయిన్‌లో 2025 జులైలో ఇలాగే అవినీతి నిరోధక సంస్థల స్వతంత్రతను తగ్గిస్తూ చట్టం చేశారు. యుద్ధం నడుస్తుండగానే జనం వీధుల్లోకి వచ్చారు, యూరప్ దేశాలూ అభ్యంతరం చెప్పాయి, పది రోజులు తిరక్కుండానే వెనక్కి తీసుకున్నారు.

సంస్థ రక్షణను రాజ్యాంగంలో చేర్చి, మార్చాలంటే మూడింట రెండొంతుల మెజారిటీ కావాలని పెట్టడం ఒక అడ్డుకట్ట. సవరణ బిల్లు వచ్చిన రోజే చదివి, ఏం మారుతోందో మామూలు మాటల్లో జనానికి చెప్పేవాళ్ళు ఉండటం ఇంకొకటి.

ప్రతిపక్షాల మీదే కేసులు పెడుతుంటే దాన్ని సంస్కరణ అనొచ్చా?

అనలేం. కేసు నిజమే కావచ్చు, ఎంపికలో పక్షపాతం ఉంటే నమ్మకం పోతుంది. అధికార పక్షం వాళ్ళ మీద ఎన్ని కేసులున్నాయి, పార్టీ మారినవాళ్ళ కేసులు ఏమయ్యాయి, ఈ రెండూ చూడండి.

నాలాంటి మామూలు మనిషి ఏం చేయగలడు?

ఒక పని, ఒక రికార్డు పట్టుకోండి. స్వీడన్ 1766లోనే ప్రభుత్వ కాగితాలు చూసే హక్కు పౌరులకు ఇచ్చింది. ఇప్పుడు చాలా దేశాల్లో అలాంటి చట్టం ఉంది. మీ ప్రాంతంలో జరిగిన ఒక పని కొలతల పుస్తకం, చెల్లించిన బిల్లు, పనివాళ్ళ హాజరు పట్టీ అడగండి. పెద్ద కుంభకోణం గురించి వంద మాటలు మాట్లాడటం కన్నా ఇది ఎక్కువ ఫలితం ఇస్తుంది.

1990ల్లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం కార్యకర్తలు సరిగ్గా ఇదే చేశారు. మస్టర్ రోల్స్ (హాజరు పట్టీలు) సంపాదించి, ఊరందరి ముందూ పేర్లు గట్టిగా చదివారు. కూలి తీసుకున్నట్టు రాసి ఉన్నవాళ్ళు అక్కడే కూర్చుని, తమకు ఆ డబ్బు అందలేదన్నారు. ఆ జన సునవాయిల (బహిరంగ విచారణల) ఒత్తిడితో 2000లో రాజస్థాన్‌లో, 2005లో దేశమంతటికీ సమాచార హక్కు చట్టం వచ్చింది. ఒంటరిగా అడగకండి, కనీసం ఇద్దరు ముగ్గురు కలిసి అడగండి. ప్రతి దరఖాస్తు కాపీ, రసీదు దాచుకోండి.